గంజి తాగిన తొట్టి

ఆ వార్త నాకు మొదట తెచ్చింది గాజులామె. తెల్లవారి ప్రార్థన ముగించుకుని పొయ్యి రాజేస్తున్నాను. ఆమె భుజం మీది గాజుల మలారం దించకుండానే వాకిట్లో నిలబడి కేకేసింది.

"టీచరమ్మా! నీ చేపలు నోర్లు తెరుసుకోని పైకొచ్చినాయి. ఆకాశం పక్క సూస్తా గాలి మింగుతాండాయి."

"ఎవరింట్లో?"

"యెవరింట్లో అంటావేమి? నీకు చేపలుండేది యాడ? ఆ కండ్ల పాప ఇంట్లో. వీధంతా పడుగేసుకోని ఉండారు, పిలిస్తే పలికే దిక్కు లేదు. ముసలామె ఒక్కతే తొట్టి కాడ నిలబడి ఉన్న దేవుండ్లందర్నీ తిడతాంది. బిరీన పో."

పొయ్యి మీద నీళ్ళు చల్లి, చెప్పులు కూడా చూసుకోకుండా బయలుదేరాను. దారంతా నోట్లో ఒకటే మాట: ప్రభువా, ఇంకొంచెం సేపు వాటిని బతకనివ్వు. చేపల కోసం ప్రార్థన చేయవచ్చునా అని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచినా చేస్తాను.

చేపలు చస్తే మళ్ళీ తెచ్చుకోవచ్చు కదా, అంత కంగారెందుకు అని ఇప్పుడీ పనుల్లో చేరే ఆడపిల్లలు అడగవచ్చు. అందుకని కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. తుంగభద్ర కాలువ మా దిక్కుకు వస్తుందని అందరూ చెప్పుకునేవారు కాని, ఆ నీళ్ళను కళ్ళతో చూసినవారు తక్కువ. నేను యెమ్మిగనూరులో ఆడవాళ్ళ సంక్షేమ కేంద్రంలో పనిచేసేదాన్ని. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మాది ఆదోనికి అవతల, హొళగుంద దారిలో ఉన్న చిన్న పల్లె. మా నాన్న అక్కడ చర్చి ఉపదేశి. పగలు కూలిపని, సాయంత్రం ప్రార్థన, ఆ రెండింటి మధ్య నాకు పలక. ఆయన నేర్పిన అక్షరాలతోనే బయటి నుంచి పరీక్ష రాసి ఈ ఉద్యోగంలో చేరాను. ఆడపిల్లకు పలక ఇవ్వాలన్న బుద్ధి ఆయనకు పుట్టించినందుకు దేవునికి ఈ రోజుకీ స్తోత్రం చెప్పుకుంటాను.

ఉపదేశి కూతురినని చెబితే చాలు, మేము ఊరి బయటి ఏ గేరి నుంచి వచ్చినవాళ్ళమో ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని ఉండేది కాదు. చాలా ఇళ్ళలో నన్ను మర్యాదగానే రమ్మనేవారు, మర్యాదగానే దూరంగా కూర్చోబెట్టేవారు.

పిల్లల తిండి సంగతి చూడటం, పెరట్లో కూరమళ్ళు వేయించడం మా పని. మళ్ళు వేయించడం సులభమే. విత్తనాలు చేతికిస్తే ఎవరైనా చల్లుతారు. ఎండాకాలం రాగానే నీళ్ళు చాలక మళ్ళు ఎండిపోయేవి, మళ్ళీ విత్తనాల కోసం మా దగ్గరికి వచ్చేవారు. శిక్షణలో ఒక అధికారి ఒక మాట చెప్పారు. పెరట్లో తొట్టి ఉంటే అందులో చేపలు వేయండి, రోజూ కొన్ని నీళ్ళు తోడి మళ్ళకు పోయండి, తోడినన్ని కొత్త నీళ్ళు తొట్టిలో పోయండి. చేపల మడ్డి ఆకుకూరకు ఎరువవుతుంది, తొట్టి కూడా మురగదు అని. ఉన్న కాసిని నీళ్ళే రెండు కూరలకు పనికొస్తాయన్నది నాకు బాగా నచ్చింది.

మా కేంద్రంలో నాతోపాటు తిరిగే గ్రామసేవకుడు ఒకాయన ఉండేవాడు. దేవనకొండ వైపు మనిషి. నాకంటే చిన్నవాడు. నోరు ఊరుకోదు.

"తాగేకి బిందెడు నీళ్ళు దొరక్క కొట్టుకునే ఊర్లో చేపలకు ఇల్లు కట్టిస్తాండాం. రేపు ఒంటెలకు ఈత నేర్పమంటారు. ఇప్పట్నుంచే సిద్ధం కాక్కా" అని సైకిలు మీద కూర్చుని నవ్వేవాడు.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది నేతగాళ్ళ వీధిలో ఆ పాపను చూశాకనే.

పాపకు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. పగలంతా చలాకీగా రాట్నం దగ్గర కండెలు చుట్టేది. మునిమాపు కాగానే గోడ పట్టుకుని నడిచేది. ఎదురుగా ఉన్న చెంబు కాలితో తన్నేది. ఇంట్లో వాళ్ళు మొదట దిష్టి అన్నారు, తర్వాత పెంకితనం అన్నారు, చివరికి తాయెత్తు కట్టారు. నేను ఆ పిల్లను వెలుతురు వైపు తిరగమని చూస్తే కంటి తెల్లగుడ్డు మీద సబ్బు నురగ అంటినట్లు మచ్చ కనబడింది. శిక్షణలో ఆ మచ్చ బొమ్మ చూపించి మమ్మల్ని భయపెట్టి ఉన్నారు. తల్లిని ఒప్పించి, పాపను తీసుకుని ఆదోని ఆసుపత్రికి వెళ్ళాం.

అక్కడి డాక్టరమ్మ పాప కళ్ళు చూసి, పిల్లను బయట కూర్చోమని పంపింది.

"ఇప్పటికి చీకట్లోనే కనబడటం లేదు. ఇట్లాగే వదిలేస్తే నల్లగుడ్డు మెత్తబడుతుంది. తర్వాత మేము చేయగలిగింది ఏమీ ఉండదు" అంది. చేపనూనె సీసా ఒకటి ఇచ్చింది. అంతకుమించి తన దగ్గర లేదంది. రోజూ ఆకుకూర, బొప్పాయి పండు, దొరికితే చేప, అందులోనూ చేప కార్జం పెట్టమంది.

తిరుగు బస్సులో పాప తల్లి బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక నా చెవిలో అడిగింది.

"అక్కా, పోగు యాడ తెగిందో నా బిడ్డ యేలితో తడిమి తెలుసుకోవాల్నా ఇంగ?"

ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను, పట్టుకోలేదు. అది కూడా ఆలోచించి చేయవలసిన పనే ఆ రోజుల్లో.

వాళ్ళింటి పెరట్లో నాపబండలతో కట్టిన పెద్ద తొట్టి ఉంది. ఒకప్పుడు ఇంట్లోనే నూలు నానబెట్టి ఉతికేవాళ్ళట. తర్వాత సిద్ధం చేసిన నూలే బయటి నుంచి రావడంతో ఖాళీగా పడి ఉంది. పక్కనే బావి. ఆ బావి సగం వీళ్ళ పెరట్లో, సగం వాళ్ళ పాలివాళ్ళ, అంటే దాయాదుల, పెరట్లో ఉండేది, మధ్యలో గోడ. రెండు ఇళ్ళవాళ్ళూ చెరో వైపు నుంచి చేదుకునేవాళ్ళు. ఇంతకంటే అనువైన చోటు నాకు ఎక్కడా కనబడలేదు.

కొడుకు ఒప్పుకున్నాడు, కోడలు ఒప్పుకుంది. ఒప్పుకోనిది అత్త. పాపకు అవ్వ. ఎండిన కందికట్టెలా ఉండేది మనిషి. ఆమె పెట్టిన పేచీ నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది.

"నూలు నానిన తొట్టి అది. నలుగురు కొడుకులకు అన్నం పెట్టింది. దాంట్లో నీసు ఏస్తారా?"

"పాప కళ్ళ కోసం అవ్వా."

"కండ్లకు చేపలేందే? చేపలకు రెప్పలు కూడా లేవు!"

గ్రామసేవకుడు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. నేను డాక్టరమ్మ చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. అవ్వ నములుతున్న వక్క ఉమ్మేసింది.

"సరే, ఏసుకోండి. గాని ఒక మాట. ఒక్కతూరి అవి సచ్చి తేలినాయంటే మా తొట్టికి అది ఇష్టం లేదని లెక్క. ఆ పొద్దే మళ్ళు పీకిస్తా, రాయి కడిగిస్తా. మల్లా నువ్వు గాని, నీ సైకిలాయన గాని ఈ వాకిలి తొక్కకూడదు."

ఆ షరతుకు సరేనన్నాను. అందుకే గాజులామె కేక విన్నప్పుడు అట్లా పరుగెత్తాను. చేపలు తేలితే మళ్ళు పోతాయి. మళ్ళు పోతే పాపకు రోజూ ఆకుకూర ఎక్కడి నుంచి వస్తుంది? సంతలో కొనిపెట్టే ఇల్లు కాదు అది.

చేపపిల్లల్ని హోస్పేట వైపు నుంచి తేవలసి వచ్చింది. సముద్రం దాటి వచ్చిన కొత్త రకమని, ఇరుకు నీళ్ళలో కూడా పెరుగుతాయని చెప్పారు. తర్వాతి కాలంలో వాటినే జనం జిలేబీలన్నారు. వాటిని మట్టికుండల్లో పోసి రైల్లో తెచ్చాం. కుండలో నీళ్ళు కదలకుండా ఉంటే పిల్లలు చచ్చిపోతాయి. అందుకని అరచేత్తో నీళ్ళను తడుతూనే ఉండాలి. ఒంటెలకు ఈత అని నవ్విన ఆ గ్రామసేవకుడే దారి పొడుగునా తట్టాడు. గుంతకల్లులో రైలు మారేటప్పుడు కుండను చంటిబిడ్డలా చంకకెత్తుకుని నడుస్తూ కూడా తట్టాడు.

"ఏముందప్పా కుండలో, అట్ల జోకొడతాండావు?" అని ఎవరో అడిగారు.

"మా అక్క పెంపుడు బిడ్డలు. నిద్ర పోతే ఊరుకోదు" అన్నాడు.

ఆ ఇంట్లో నా చోటు పెరటి గుమ్మం పక్కన బోర్లించిన ఒక పగిలిన రోలు. దాని మీద కూర్చుని, చేతిలో కందిపుల్ల పట్టుకుని చెప్పేదాన్ని. ఈ మడిలో తోటకూర, ఆ మడిలో చుక్కకూర, గోడ పక్కన బొప్పాయి, తొట్టి మీదికి నీడకు సొరతీగ. పుల్లతో చూపించేదాన్ని. కోడలు చేసేది. మట్టిని ముట్టుకునేదాన్ని, మొక్కల్ని ముట్టుకునేదాన్ని. తొట్టిని, బావిని, చేంతాడును ముట్టుకునేదాన్ని కాదు. ఎవరూ నన్ను అట్లా ఉండమని నోటితో చెప్పలేదు. చెప్పించుకోకుండా ఉండటమే మా నాన్న నేర్పిన మర్యాద.

కోడలు రోజూ పొద్దున తొట్టి అడుగు నీళ్ళు తోడి మళ్ళకు పోసేది. పాప చేపలకు తవుడు చల్లేది, చెదలు పట్టిన కట్టె తొట్టి మీద దులిపేది. ఆకుకూర దండిగా వచ్చింది. పప్పులో మెదిపి నూనె వేసి పాపకు పెట్టమనేదాన్ని, తినేదాకా కూర్చుని చూసేదాన్ని. చేపలు కూడా అరచేతి పొడవుకు వచ్చాయి. అయినా నా భయం తగ్గలేదు. చేపనూనె సీసా అయిపోయింది. పాప ఇంకా మునిమాపు గోడ పట్టుకునే నడుస్తోంది. పైగా కుడి కంట్లో నీరు కారడం, వెలుతురు చూస్తే రెప్ప మూసుకోవడం మొదలైంది. ఇక చేపలు పెట్టడం మొదలుపెట్టండి అని తొందరపెట్టాను.

"ఈ పడుగు అయిపోనీ టీచరమ్మా. అది మగ్గం ఎక్కినాక తీరిగ్గా వల ఏసి పడతా" అన్నాడు పాప తండ్రి.

ఆ పడుగు రోజే గాజులామె వచ్చింది.

పడుగుకు గంజి పెట్టడం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట. మగ్గం మీదికి ఎక్కించే నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా చాపి కట్టి, వాటికి గంజి పూసి, పెద్ద కుంచెలతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దువ్వుతూనే ఉంటారు. దువ్వడం ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుని అట్టకడతాయి. ఆ పడుగు ఇక దేనికీ పనికిరాదు. గంజి పూశాక ఆరేదాకా ఇంట్లో ఒక్క మనిషి కూడా కదలడానికి లేదు.

నేను పరుగున వెళ్ళేసరికి వాళ్ళ పడుగు మీద గంజి తడితడిగా మెరుస్తోంది. గాలి తోలుతోంది. పాప తండ్రి నన్ను చూడగానే కుంచె ఆపకుండానే అరిచాడు.

"ఇప్పుడు పిలవద్దు టీచరమ్మా! గాలి సూడు. నేను చెయ్యి తీస్తే ఇంటిల్లిపాదీ మూన్నెల్లు పస్తే."

కోడలు రెండు చేతులా గంజితో అవతలి వైపు నిలబడి ఉంది. ఏడుస్తోంది కాని చేతులు మాత్రం ఆగడం లేదు.

"అక్కా, నేనే ఏసినా. నిన్న వేరే ఇంటి పడుగుకు కాసిన గంజి మిగిలింటే మా వంతు తెచ్చుకున్నా. గంజి మేము పారబోసేది లేదు గదా. నేల మీద పోస్తే తొక్కుతాం, పాపం తగుల్తాది. ఎనుములకే పెడతాం. చేపలు కూడా తినేవే గదా, పాపకు పెట్టేవే గదా, బాగా తిని లావెక్కుతాయని..."

"ఎంత వేసినావు?"

"అంతా."

మిగిలిన మెతుకులు చేపలకు వేయమన్నది మేమే. నేత ఇంటి వాళ్ళకు గంజి అంటే అన్నమే. అన్నం పెట్టే పడుగుకు పెట్టింది చేపకు పెట్టకూడదని ఎవరికి తోస్తుంది? తప్పు ఎవరిదని తర్వాత మా ఆఫీసులో చాలా చర్చ జరిగింది. నాకైతే ఆ తల్లి చేతిలో తప్పు కనబడలేదు. ప్రేమే కనబడింది. అయితే పోగులు మెత్తగా జారాలని ఆ గంజిలో నూనె కలుపుతారు. ఆ నూనె నీళ్ళ మీద పొర కట్టింది, గంజి అడుగున చేరి పులిసింది. చేపలకు గాలి అందడం లేదు.

పెరట్లోకి వెళ్ళాను. అవ్వ తొట్టి పక్కన నిలబడి ఉంది. ఆమె కొంగు పట్టుకుని పాప. తొట్టి నిండా పైకి లేచిన మూతులు. గుండ్రంగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. మూలగా రెండో మూడో పొట్ట తిరగేసి తేలి ఉన్నాయి.

"అవ్వా, అవి నాతో ఏందో సెప్తాండాయి, నాకు ఇనపడ్డంలే" అంది పాప.

అవ్వ నా వైపు చూసింది. తేలిన చేపల్ని, తన షరతును ఆమె మర్చిపోలేదని ఆ చూపులోనే తెలిసింది.

"బతుకుతాయా?" అంది.

"నీళ్ళు మార్చాలవ్వా. ఉన్నవి తోడెయ్యాలి, కొత్తవి ఎత్తు నుంచి పొయ్యాలి. ఇప్పుడే. ఆలస్యమైతే ఒక్కటీ మిగలదు."

"యెవరు తోడేది? అందరూ వీధిలో ఉండారు."

రోలు దగ్గరే నిలబడి ఉన్నాను. చేతిలో అలవాటు కొద్దీ తీసుకున్న కందిపుల్ల ఉంది. ఆ క్షణాన నాకు వేసినంత భయం ఉద్యోగం మొత్తంలో ఎప్పుడూ వేయలేదు. అడగకుండా చెయ్యి పెడితే ఈ ఇల్లే నాకు మూతపడుతుంది. చెయ్యి పెట్టకపోతే పాప కళ్ళు.

అవ్వ తొట్టి వైపు చూసింది, మళ్ళ వైపు చూసింది. ఏదో తనలో తాను లెక్క తేల్చుకుంది.

"తొట్టి నీళ్ళు మళ్ళకు పొయ్యేవే గదా" అంది. "మళ్ళు నువ్వు ముట్టుకుంటావు. మన్ను నువ్వు ముట్టుకుంటావు. తోడు. నన్ను అడగద్దు."

పుల్ల పారేసి చీర కుచ్చిళ్ళు దోపుకున్నాను. అవ్వ లోపలి నుంచి పాత దుప్పటి తెచ్చి ఇచ్చింది. దాన్ని నీళ్ళ మీద పరిచి లాగితే నూనె పొర దానికి అంటుకుని వచ్చింది. తర్వాత ముంత పట్టుకుని ముంచి ముంచి మళ్ళలోకి విసిరాను. పులిసిన గంజి వాసన. చేపలు నా మణికట్టుకు తగులుతున్నాయి, పక్కకు పోయే శక్తి కూడా లేనట్టు. కొన్నిటిని కుండలోకి మారుద్దామంటే ఇంట్లో ఉన్న ప్రతి కుండా గంజితో వీధిలోనే ఉంది.

అవ్వ బావి దగ్గరికి వెళ్ళింది. ఆ వయసులో, ఆ చేతులతో బొక్కెన వదిలి చేదడం మొదలుపెట్టింది. నేను తోడేస్తున్నాను, ఆమె తెచ్చి పోస్తోంది. పాప తొట్టి అంచు పట్టుకుని "ఇంగా పొయ్యి అవ్వా, ఇంగా పొయ్యి" అంటోంది. ఒక్కో బొక్కెనకు అవ్వ ఊపిరి ఇంత పొడవున లాగుతోంది. నేను తోడేసింది చాలా, ఆమె పోసింది కొంచెం. నీళ్ళు తగ్గి చేపలు అడుగున కుప్పపడ్డాయి.

గిలక చప్పుడు ఆగింది. తల ఎత్తి చూశాను. అవ్వ బావి గట్టు మీద కూలబడి ఉంది. సగం దాకా వచ్చిన బొక్కెన బావిలో వేలాడుతోంది. చేంతాడును రెండు చేతులతో గట్టుకు అదిమి పట్టుకుంది.

"అవ్వా, కొడుకును పిలవనా?"

"పిలిస్తే పడుగు పోతాది."

"మరి..."

ఆమె గోడ వైపు చూసింది. గోడ అవతల పాలివాళ్ళ కోడలు గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. పాప వైపు చూసింది. పాప వెలుతురు పడక కుడి కన్ను గట్టిగా మూసుకుని, ఎడమ కంటితో తొట్టిలోకి వంగి ఉంది.

అవ్వ చేంతాడు నా వైపు చాచింది.

"పట్టుకో."

"అవ్వా, ఇది బావి."

"నాకు తెలీదా బావి అని? నా పెండ్లికి ముందు నుంచి ఉండాది. పట్టుకో అంటాంటే!"

పట్టుకున్నాను. నా చెయ్యి, ఆమె చెయ్యి ఒక్క క్షణం ఒకే తాడు మీద ఉన్నాయి. ఆమె చెయ్యి తీసేసింది. నేను చేదాను. గిలక చప్పుడు వేరుగా వినబడిందో ఏమో, గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గోడ మీదుగా ఒక తల లేచింది, చూసింది, దిగిపోయింది. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ ఆ తాడు పట్టుకునే ధైర్యం వచ్చేది కాదు. ఎన్ని బొక్కెనలు పోశానో తెలియదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రతి బొక్కెనకూ లోపల స్తోత్రం చెప్పుకున్నాను, అది తప్ప ఇంకేమీ రాలేదు నోటికి.

కొంతసేపటికి పాప అరిచింది.

"అవ్వా! ఒకటి కిందికి పోయింది!"

ఆ తర్వాత ఇంకొకటి. మూతులు ఒక్కొక్కటే నీళ్ళ కిందికి దిగిపోయాయి. తోకలు కదిలాయి. నేను గట్టు మీద కాదు, నేల మీద కూర్చుండిపోయాను.

చచ్చినవి ఒక చాటకు వచ్చాయి. నేను అవ్వ ముఖం చూడటానికి భయపడ్డాను. ఆమె వంగి ఒక చేపను వేళ్ళతో నొక్కి చూసింది.

"ఇంగా బిగువుగానే ఉండాయి. ఇప్పుడు సచ్చినవేగా" అంది. "కడుపులో ఏదో కార్జమంటివి, అది యాడుంటాదో సూపియ్యి."

పాప ఆ రోజు మధ్యాహ్నమే మొదటి చేప తింది. వీధిలో పడుగు ఆరింది. చెడలేదు.

సాయంత్రం శివాలయం ముందు పెద్దలు కూర్చున్నారని మర్నాడు గాజులామె వచ్చి చెప్పింది. అప్పటిదాకా నేను గది దాటి బయటికి పోలేదు. ఉద్యోగం పోతుందేమో, ఆ ఇంటిని వెలివేస్తారేమో, పాపకు మళ్ళీ తాయెత్తే మిగులుతుందేమో అని అన్నం కూడా వండుకోలేదు.

"ఏమన్నారు?" అన్నాను.

"బావి మైలపడింది, దానికేం సెప్తావని అడిగినారంట. ముసలామె లేసి నిలబడి, 'పసుపు నీళ్ళు సల్లితే మైల పోతాదంటారు, సల్లుతా. కండ్లు పోతే ఏమి సల్లల్నో మీలో యెవరికన్నా తెలుసునా? తెలిస్తే సెప్పండి, అదీ తెచ్చి సల్లుతా' అనిందంట."

"తర్వాత?"

"తర్వాతేముంది, యెవరికీ తెల్లేదు. పసుపే సల్లిచ్చినారు. ఆమే సల్లింది. సల్లి, మొదటి బిందె నీళ్ళు అందరూ సూస్తాండంగా ఆమే తాగింది. ఇంగో, ఈ గాజులు సూడు, నీ చేతికి సరిపోతాయి. నిన్న తాడు లాగి ఉన్నవి పగలగొట్టుకున్నావంట గదా."

ఇంకో రెండు రోజులకు ధైర్యం చేసి ఆ ఇంటికి వెళ్ళాను. గ్రామసేవకుడు కూడా వచ్చాడు, సైకిలు దిగి నడుస్తూ. అవ్వ వాకిట్లోనే ఎదురైంది.

"ఆ రోలు మీదనే కూర్చో" అంది నాతో. గొంతు తగ్గించి, "వాళ్ళు సూస్తాంటారు" అంది. ఇంకా తగ్గించి, "మల్లా గంజి పడితే తాడిస్తాలే" అంది.

నేను రోలు మీద కూర్చున్నాను. ఇది చదివే మీకు ఇంకోలా ముగిసి ఉంటే బాగుండునని అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా ఆ ఇంట్లో పనిచేసినన్నాళ్ళూ రోలు మీదనే కూర్చున్నాను, పుల్లతోనే చూపించాను. మళ్ళు పీకలేదు, రాయి కడగలేదు. ఆ ఏడాది మా పై అధికారి వచ్చి తొట్టిని చూసి, నీళ్ళు ఇంత బాగా ఎట్లా కాపాడుతున్నారని మెచ్చుకుంది. అవ్వ నా వైపు చూడకుండా, "మా ఇంటి బావి మంచిదమ్మా" అంది.

పాప వారానికి రెండు మూడుసార్లు చేప తినేది. ఆకుకూర రోజూ. కుడి కంట్లో పలుచటి పొర ఒకటి మిగిలిపోయింది. డాక్టరమ్మ అది ఇక పోదంది. ఎడమ కన్ను నిలిచింది.

చలికాలంలో ఒకనాటి మునిమాపు నేను వెళ్ళేసరికి ఇంకా దీపం పెట్టలేదు. పాప తల్లి చేతిలోంచి కండె జారి నేల మీద దొర్లుకుంటూ పోయింది. చీకటి మూలకు. ఎవరూ ఏమీ అనకముందే పాప లేచి, గోడ పట్టుకోకుండా నేరుగా నడిచి, వంగి దాన్ని తీసుకొచ్చి తల్లి చేతిలో పెట్టింది. తల్లి ఆ కండెను అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. అవ్వ మాత్రం, "దీపం పెట్టేకి యెవరికీ చేతులు లేవా ఈ ఇంట్లో?" అని గట్టిగా కసిరి లోపలికి వెళ్ళిపోయింది. లోపల చాలాసేపు ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

ఉద్యోగంలో నాకు మేలు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పలక ఇచ్చిన మా నాన్న, సీసా ఇచ్చిన డాక్టరమ్మ, కుండ తట్టిన తమ్ముడు, పరుగున వచ్చిన గాజులామె. వాళ్ళందరినీ నా ప్రార్థనలో నేనే తలుచుకుంటాను, ఆ భారం మీకు పెట్టను. ఒక్కరిని మాత్రం మీకు అప్పగిస్తున్నాను. మీ పెరట్లో ఒక మడికి నీళ్ళు పెట్టేటప్పుడు, గోడ అవతల చూసేవాళ్ళు ఉన్నారని తెలిసి కూడా నా వైపు చేంతాడు చాచిన ఆ అవ్వను ఒక్కసారి తలుచుకోండి.